సుభద్ర ఒక్కతే పెంచలేదు

ఈ వారం వీడియోలో టైం చాలక రెండు ముక్కల్లో దాటేసిన విషయం ఇది. పాండవులతో పాటు ద్రౌపది కూడా పన్నెండేళ్ళు అడవిలో ఉంది కదా, మరి ఆవిడ ఐదుగురు కొడుకులు ఎక్కడ పెరిగారు?

జూదం అయ్యాక ధృష్టద్యుమ్నుడు మేనల్లుళ్ళని పాంచాలానికి తీసుకెళ్ళాడు. తాతగారిల్లు, మేనమామలు, దేనికీ లోటు లేదు. అయినా పిల్లలకి అక్కడ మనసు నిలవలేదు. ద్వారకకి, సుభద్ర దగ్గరికి వెళ్ళిపోయారు. కామ్యకవనానికి చూడ్డానికి వచ్చినప్పుడు కృష్ణుడే ఈ సంగతి ద్రౌపదికి చెప్పాడు. కుంతి అయితే ఎలా పెంచేదో, నువ్వయితే ఎలా పెంచేదానివో, సుభద్ర అలాగే చూసుకుంటోంది అన్నాడు.

మనం ఇక్కడే ఆగిపోతాం. ‘ఎంత గొప్ప మనసండీ’ అని సుభద్రకి ఓ దండం పెట్టేసి వెళ్ళిపోతాం. కానీ అదే అరణ్యపర్వంలో, సెలవు తీసుకునే ముందు సత్యభామ ద్రౌపదితో ఏం చెప్పిందో చూడండి. రుక్మిణి కూడా ఆ పిల్లల్ని ప్రాణంగా చూస్తోందట. వాళ్ళ తిండీ బట్టా సంగతి మామగారు వసుదేవుడు రోజూ పట్టించుకుంటున్నాడట. బలరాముడు మొదలుకొని యాదవులంతా వాళ్ళని కనిపెట్టుకునే ఉన్నారట. ఇక విద్య నేర్పేది ప్రద్యుమ్నుడు, ఆయుధాలు పట్టించేది అభిమన్యుడు. నాకైతే ఇది డ్యూటీ చార్ట్ లాగే కనిపిస్తుంది. (ఉద్యోగం జబ్బు, ఏం చేస్తాం. మా ఆఫీసులో ఒక సర్వర్‌ని కూడా వారమంతా ఒక్కడి మీద వదిలెయ్యరు.)

ద్రౌపదిలా పిల్లలకి దూరంగా ఉండే తల్లులు మా కోనసీమలో చాలామంది. ఇళ్ళల్లో పనికి కువైట్, మస్కట్ వెళ్తారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో, పిన్ని దగ్గరో. మా చిన్న పిన్ని అలా తన అక్క పిల్లలిద్దర్ని పెంచుతోంది. బయటివాళ్ళ మాట ఒకటే, ‘డబ్బులు పంపుతోందిగా, నీకేం కష్టం?’ పిల్లని కొడితే పరాయి పిల్ల అని కొట్టావంటారు. కొట్టకపోతే చెడగొట్టావంటారు. ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? అక్కతో చెప్తే అక్కడ ఆవిడకి నిద్రపట్టదు.

శనివారం సాయంత్రం వెంకన్న గుళ్ళో దర్శనం అయ్యాక ఇలాంటివాళ్ళే ఐదుగురు మండపంలో కూర్చుంటారు. అందరూ ఎవరో ఒకరి పిల్లల్ని పెంచుతున్నవాళ్ళే. ఒక అమ్మమ్మ చెప్పిందట, ‘మా అమ్మాయి సెలవు మీద వస్తే పిల్లాడు దాని దగ్గరికి పోకుండా నా కొంగు పట్టుకున్నాడమ్మా. దానికి ఏడుపు, నాకు సిగ్గు.’ పక్కావిడ వెంటనే, ‘ఈసారి వచ్చినప్పుడు మొదటి వారం నువ్వు అన్నం కలపకు. దాని చేత్తోనే పెట్టించు’ అంది. ఇలాంటి సలహా ఏ ప్రవచనంలోనూ దొరకదు, నాది కూడా కలిపి. ఇంకొకావిడ అమ్మాయి పంపే ప్రతి రూపాయీ నోటుబుక్కులో రాస్తుంది. అది చూసి మా పిన్ని కూడా మొదలుపెట్టింది. అప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళ మధ్య డబ్బు గొడవ లేదు.

వాళ్ళలో ఒకావిడకి కూతురూ అల్లుడూ ఇద్దరూ లేరు. అమ్మానాన్న లేని పిల్లల్ని బంధువులు పెంచుతుంటే, మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయల సాయానికి జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అప్లై చేసుకోవచ్చు. ఆదాయ పరిమితి ఉంది. ఆవిడకి ఈ సంగతి తెలిసింది కూడా ఆ మండపంలోనే.

మీ కాలనీ గుడికీ ఒక మండపం ఉంటుంది. మనవడి చెయ్యి పట్టుకుని వచ్చే ఒక అమ్మమ్మా ఉంటుంది. ‘మీలాంటివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు, పరిచయం చేస్తాను రండి’ అనండి చాలు. వాళ్ళు మాట్లాడుకునే గంటసేపు పిల్లల్ని మీరు చూసుకోండి. ప్రద్యుమ్నుడు చేసింది అదేగా.

మా ఊళ్ళో పంతులుగారు శనివారం ఆరింటికల్లా మండపంలో ఫ్యాన్ వేసి ఉంచుతున్నారు. నేను హైదరాబాద్ నుంచి ఆదివారాలు పెద్దోడికి వీడియో కాల్‌లో లెక్కలు చెప్తున్నాను. ప్రస్తుతం భిన్నాల దగ్గర ఉన్నాం.