ముంపు ఇంటి దర్వాజ

ఈ వారం వీడియోలో నా వెనకాల కనిపించిన పూజా మందిరం ఆన్‌లైన్‌లో కొన్నది కాదు. మా నానమ్మ వాళ్ళింటి టేకు దర్వాజ.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డు ఊళ్ళు ఖాళీ చేసినప్పుడు, తాత గోడలు వదిలేసి దర్వాజనూ తలుపులనూ ఎడ్లబండి మీద తెచ్చుకున్నాడు. తర్వాత కట్టుకున్న ఇంటినీ పోయినేడు కూల్చాం. దర్వాజ పాత సామాన్లాయనకు పోయేదే. నేను ఆపి, "దీంతో మందిరం చేస్తా" అన్నా. నానమ్మ ఒప్పుకోలేదు.

"ముంపుల పోయిన ఇంటి కట్టెరా బిడ్డా. గండ్ల దేవుణ్ణి కూసోబెడ్తవా?"

పాత కర్ర కొత్త ఇంటికి పనికిరాదని వాస్తు చెప్పేవాళ్ళూ అంటారు. నాకు మాత్రం వరాహమిహిరుడి బృహత్సంహిత గుర్తొచ్చింది. విగ్రహం కోసం చెట్టు కొట్టాలంటే ముందురోజు రాత్రి దానికి పూజ చేసి, అందులో ఉండే ప్రాణులను వేరే చోటికి వెళ్ళమని వేడుకోవాలంటాడు. అంటే చెట్టు దగ్గర కర్ర అడిగి తీసుకోవాలి. మనకు ఒక చెట్టు ఎప్పుడో ఇచ్చేసింది కదా, ఇంకో చెట్టును ఎందుకు అడగడం? (ఇది నాకు తోచిన అర్థం, శాస్త్రవాక్యం కాదు.)

నానమ్మకు ఈ లాజిక్ ఎక్కలేదు. అలంపురం తీసుకెళ్ళా. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది సంగమేశ్వరాలయం, చాళుక్యుల నాటిది. అదే శ్రీశైలం నీళ్ళలో మునుగుతుందని రాయి రాయీ విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు. ఆ సంగతి చెప్తే గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

"అయితే శివయ్యది గూడ ముంపు ఇల్లేనా."

ఇంకేం అనలేదు. వచ్చే ఆదివారం పని మొదలుపెట్టమంది.

ఊళ్ళో వడ్ల తాత నేర్పించాడు. మొదటి రోజంతా మేకులు పీకడమే. ఒక్కటి లోపల మిగిలినా చిత్రిక పదును పోతుంది, అందుకే అయస్కాంతం తిప్పి చూసుకున్నాం. పాత ఎనామిల్ పెయింట్లలో సీసం ఉండొచ్చు, మీరు చేస్తే మాస్కు పెట్టుకుని తడిపి రుద్దండి. చెదలు తిన్న అడుగు భాగం కోసేశాం. కోడ్ తప్పైతే అండూ కొట్టొచ్చు, రంపం దగ్గర అది లేదు. ఒక పలక పొట్టిగా కోసి రెండు వారాలు దానికి సరిపోయే ముక్క వెతికా.

గడప దగ్గర మాత్రం తాత చిత్రిక పక్కన పెట్టేశాడు. ఏళ్ళ తరబడి రాసిన పసుపు లోపలిదాకా ఇంకింది. దాన్ని గీకకుండా మందిరం ముందు భాగానికి అలాగే బిగించాం. పైకమ్మికి రెండు మేకు రంధ్రాలుంటే మైనంతో పూడుస్తానన్నాడు. నానమ్మ వద్దంది. మా నాన్న పెండ్లికి మామిడి తోరణం కట్టింది వాటికేనట. ఉగాదికి మళ్ళీ అక్కడే రెండు మేకులు కొట్టించింది.