నొప్పితోనున్నవాని సమ్మతి

మూత్రపిండములోని రాయి క్రిందికి దిగునప్పుడు కలుగు నొప్పి ఎరిగినవారు మన గ్రామ సంఘములలో కొందరైనను ఉందురు. ఎండలో నీరు చాలక పనిచేయువారికి ఇది వచ్చుట కద్దు. కూర్చుండనీయదు, పండుకొననీయదు. అట్టివానిని రాత్రివేళ ఆసుపత్రి అత్యవసర విభాగమునకు తెచ్చిరనుకొనుడి. "ఒక మందును పరీక్షించుచున్నాము. కొందరికి మందు, కొందరికి మందులేని మాత్ర ఇత్తుము. సమ్మతమైన సంతకము చేయుడి" అని వైద్యుడు అడుగును. ఆ సంతకము చేసినది వాని మనస్సా, వాని నొప్పియా?

ఇట్టి పరీక్షలే కూడదనుట తొందరపాటు. ప్రోస్టేటు వ్యాధికిచ్చు ట్యామ్సులోసిన్ అను మందు వలన రాయి త్వరగా పడునని నమ్మి వైద్యులు ఏండ్ల తరబడి వ్రాసియిచ్చిరి. అమెరికాలో అత్యవసర విభాగములకు వచ్చిన 512 మందితో దానిని పరీక్షించి, 2018లో ఫలితము ప్రకటించిరి. రాళ్లు 9 మిల్లీమీటర్లలోపువి. మందు మింగినవారిలోను, ఉత్తి మాత్ర మింగినవారిలోను 28 దినములలో రాయి పడినది దాదాపు సగము మందికే. వారు ఒప్పుకొననియెడల ఈ సంగతి తెలిసెడిది కాదు.

దానియేలును తలంచుడి. శాకధాన్యములును నీళ్లును ఇచ్చి పదిదినములు తమ్మును పరీక్షింపుమని కోరినవాడు దానియేలే. వానిని ఎవరును బలవంతపెట్టలేదు. మన పొరుగుననున్న ఖమ్మం జిల్లాలో 2009లో జరిగినది వేరు. 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు రాకుండ టీకాలు వేసిరి. టీకా మేలైనదే. అయితే వసతి గృహములలోని అనేకుల సమ్మతి పత్రములపై తలిదండ్రులకు బదులు వార్డెనులు సంతకము చేసిరి. 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆగిపోయినది. టీకా వేసిన తరువాత చనిపోయిన బాలికల మరణమునకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినను అడుగవలసినవారిని అడుగకపోవుట చిన్న తప్పు కాదు.

కావున రాయి నొప్పితో వచ్చినవానికి మొదట నొప్పి తగ్గించు సూది వేయవలెను. తెలివి నిలిచిన తరువాత, వాని యింటివారి యెదుట, లంబాడీయైతే లంబాడీలోనే, అడుగవలెను. చదువురానివాని ప్రక్కన సంబంధములేని సాక్షి యుండవలెనని 2019 నాటి మన దేశపు నిబంధనలే చెప్పుచున్నవి. కాదన్నను వైద్యము తగ్గదని స్పష్టముగా చెప్పవలెను. ఇంకొకటి కలదు, దీనిని పెద్దలు అంతగా పట్టించుకొనరు: నొప్పి తీసిన చేతికి కాదని చెప్పుట మన పల్లెవానికి మిక్కిలి కష్టము. సూది వేసిన వైద్యుడే కాగితము చాపకుండ, వేరొకరు వచ్చి అడిగిన మేలు.