ఉయ్యాల కొనేముందు నేల చూడమ్మా

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లేసెట్ ఫొటోలన్నీ చూశాను. రెండంతస్తుల మంచె, దాని నెత్తిన ఆకుపచ్చ గుడారం, మెలికలు తిరిగే జారుడుబల్ల, ఎక్కడానికి రంగురంగుల రాళ్ళు, ఒక బుల్లి దుర్భిణి, ఓడ నడిపే చక్రం. మీ అమ్మైతే ‘ఇందులో కొత్త జంట కాపురం పెట్టొచ్చు’ అంది. అల్లుడుగారికి అన్నిటికంటే పెద్దది నచ్చిందని రాశావు. ఆయన ముచ్చటని కాదనను. కాకపోతే ఆ ఫొటోల్లో దేనిలోనూ కింద నేల సంగతి తెలియడం లేదు. తీర్చిదిద్దిన పచ్చిక మీద తెచ్చి నిలబెట్టారు, అంతే. ఉద్యోగమంతా కాలవగట్ల మీద చేసినవాణ్ణి కదా, నా కళ్ళు ముందు కిందికే పోతాయి.

పిల్లలు పడతారు తల్లీ. ఎక్కడం వచ్చిన ప్రతివాడూ పడతాడు, దాన్ని మనం ఆపలేం. పడ్డవాడు దులుపుకుని మళ్ళీ ఎక్కుతాడా, చెయ్యి విరిగి ఆసుపత్రికి పోతాడా అన్నది చాలావరకు కింద పరిచినదాన్ని బట్టి ఉంటుంది. మీ అమెరికాలో వాడుక వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ ఉంది కదా, ఇళ్ళ పెరళ్ళలో పెట్టుకునే ఆట సామాను గురించి అది ఒక చిన్న పుస్తకం వేసింది. ఊరికే దొరుకుతుంది. గడ్డినీ ఉత్తి మట్టినీ వాళ్ళు పడేవాళ్ళని కాపాడే నేలగా లెక్కలోకే తీసుకోరు. నిజమే మరి, ఉయ్యాల కింద కాళ్ళు రాసుకునే చోట గడ్డి ఎన్నాళ్ళుంటుంది? సిమెంటు మీదా తారు మీదా అసలు పెట్టనే కూడదంటారు.

వాళ్ళ లెక్క ఇదీ. ఏడడుగుల ఎత్తు దాకా ఉన్న సామాను కింద చెక్కపొట్టు, అదే మీరు మల్చ్ అంటారే, అది 9 అంగుళాల మందాన ఉండాలి. నాళ్ళు గడిచేకొద్దీ అణిగిపోతుంది గనక మొదట 12 అంగుళాలు పోసుకోవాలి. సామాను చుట్టూ నాలుగు వైపులా ఆరేసి అడుగులు ఖాళీ. ఉయ్యాలకైతే దూలం ఎత్తుకి రెట్టింపు ముందుకీ, రెట్టింపు వెనక్కీ.

ఇప్పుడు నువ్వు కాగితం తీసుకో. దూలం ఏడడుగుల ఎత్తున ఉందనుకుందాం. ముందుకి 14, వెనక్కి 14, వెరసి 28 అడుగులు. రెండు ఉయ్యాలలు పట్టే చట్రం ఎనిమిది అడుగుల వెడల్పు, అటూ ఇటూ ఆరేసి కలిపితే 20. ఇరవై ఎనిమిది ఇంటూ ఇరవై, 560 చదరపు అడుగులు. అడుగు మందాన పోస్తే 560 ఘనపుటడుగులు. దుకాణంలో అమ్మే మల్చ్ సంచి రెండు ఘనపుటడుగులది. అంటే 280 సంచులు! ఇది ఉత్త ఉయ్యాలకే. మంచె, జారుడుబల్ల అదనం. అల్లుడుగారు వారాంతంలో కారు డిక్కీలో ఓ పది సంచులు వేసుకొస్తే ఒక మూలకి కూడా చాలవు. దాదాపు 21 ఘనగజాలు లారీకి చెప్పి ఒకేసారి పోయించుకోవాలి. చుట్టూ దుంగలతో గట్టు కట్టాలి, లేకపోతే మొదటి పెద్దవానకే సగం పక్కింటి కంచె కిందకి పోతుంది. ఈ ఖర్చు ఏ ఫొటో కింద రాసిన ధరలోనూ ఉండదు. అందుకే చెబుతున్నాను, దుర్భిణీ ఓడ చక్రమూ వదిలెయ్, ఆ డబ్బు నేల మీద పొయ్యి.

చోటు సంగతి. మీ పాటియో అంచు నుంచి వెనక కంచె దాకా ఇరవై అయిదడుగులు మించదని నా గుర్తు. ఉయ్యాల ఇంటివైపుకీ కంచెవైపుకీ ఊగేలా పెడితే ఏడడుగుల దూలమే పట్టదు. కంచె వెంబడే ఊగేలా అడ్డంగా తిప్పి పెడితే హాయిగా పడుతుంది. అమ్మేవాళ్ళు సామాను కొలతలు చెబుతారు గానీ అది ఊగడానికి పట్టే చోటు కొలతలు వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. ఇంకోటి, పాటియో తలుపు తీయగానే చంటాడు పరిగెత్తే దారి ఉయ్యాల ముందునుంచి పోకూడదు. ఏడాదిన్నర పిల్లాడికి వచ్చే ఉయ్యాల ఆగదని తెలియదు. అక్క ఊగుతూ వచ్చే ఉయ్యాల వాడి తలకి తగిలే ఎత్తులోనే ఉంటుంది. నువ్వు పొయ్యి దగ్గర నిలబడితే కిటికీలోంచి మొత్తం కనబడే మూల ఏదో ముందు చూసుకో. మీ అమ్మ మీ దగ్గర ఉన్న రోజుల్లో కూడా ఎక్కువసేపు నిలబడేది అక్కడే.

ఇక మీ మట్టి. మీ వైపు ఊళ్ళు ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ నేలంతా మన పల్నాడు నల్లరేగడికి చుట్టమే. సాగర్ కుడి కాలవ కింద ఆ మట్టితో నేను పడ్డ పాట్లు నీకు చిన్నప్పుడు కథలుగా చెప్పేవాణ్ణి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్ళిస్తుంది. వేసవిలో ఇంటి పునాదికి గొట్టం పెట్టి నీళ్ళు తడుపుకునే ఊరు మీది, అక్కడ చేరిన మొదట్లో అది చూసి నువ్వే నవ్వావు. పునాదినే కదిలించే మట్టి, ఉయ్యాల కాళ్ళకి దిగేసిన మేకుల్ని వదులుతుందా? కాళ్ళకి లంగరు వెయ్యడం మానొద్దు. మీ వైపు వసంతంలో వచ్చే గాలివానలకి లంగరు లేని చట్రం తిరగబడుతుంది, ఇద్దరు పిల్లలు ఒకేసారి గట్టిగా ఊగినా వెనక కాళ్ళు లేస్తాయి. ఎండాకాలం పోయాక ఒకసారి, వానలు పోయాక ఒకసారి ఆ లంగర్లూ బోల్టులూ చేత్తో కదిపి చూసి బిగించాలి. లంగరు దిమ్మెల పైభాగం నేలలోపలికి ఉండాలి, మల్చ్ లోంచి తలెత్తకూడదు.

తవ్వేముందు 811కి ఫోన్ చెయ్యండి. డబ్బులేమీ తీసుకోరు. వచ్చి గ్యాస్ గొట్టం ఎటుపోతోందో పసుపు రంగుతో, కరెంటు తీగ ఎటుపోతోందో ఎరుపు రంగుతో గీసిపోతారు. పచ్చికకి నీళ్ళు చిమ్మే మీ సొంత గొట్టాలు మాత్రం వాళ్ళు చూపరు, అవి మీరే గుర్తుంచుకోవాలి. ఆ చిమ్మే నీళ్ళు రోజూ కలప మీద పడితే కాళ్ళు మొదళ్ళ దగ్గర కుళ్ళుతాయి, కాబట్టి ఆ మూల నీళ్ళు చిమ్మే మూతుల్ని పక్కకి తిప్పించు. కాలనీ అసోసియేషన్ వాళ్ళ అనుమతి కాగితం డబ్బు కట్టకముందే తీసుకోండి. ఎత్తు గురించీ గుడారం రంగు గురించీ కూడా వాళ్ళకి పట్టింపులుంటాయని విన్నాను.

కలపా ఇనుమా అని అడిగావు. ఉయ్యాల మటుకు నా ఓటు ఇనుముకే. జింకు పూత వేసి, పైన రంగు పట్టించిన మందపాటి గొట్టాలు, తెరిచిన కొసలకి మూతలు ఉన్నవి. చెదలు పట్టవు, పేడులు గుచ్చుకోవు. కలపే ముచ్చటగా ఉంటుందని అల్లుడుగారంటే సీడర్ మంచిదే, మందు పట్టించిన పైన్ కూడా మన్నుతుంది. సీడర్ అని రాసి అమ్మేవాటిలో చైనానుంచి వచ్చే వేరే జాతి చెట్టు కలప కూడా ఉంటుంది, పేరుకంటే దుంగ మందం చూసుకోమను. ఏటేటా ఉప్పుకాగితంతో రుద్ది నూనో రంగో పట్టించే ఓపిక ఉందా అని ఆయన్ని ముందే అడుగు. ఎవరో ఊరికే ఇస్తున్నారని బాగా పాతది మాత్రం తెచ్చుకోవద్దు. 2003 ఆఖరు దాకా అక్కడ ఇళ్ళ వాడకం కలపకి ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు. ఆ కలప పట్టుకున్న చేతుల్నే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

అసలు ఏమేం ఉండాలి? పెద్దదానికి నాలుగేళ్ళు, చంటాడికి ఏడాదిన్నర. ఒక మెత్తటి పట్టీ ఉయ్యాల, ఒక నడుముదాకా పట్టే బకెట్ ఉయ్యాల, నాలుగడుగులు దాటని చిన్న మంచె, దానికి చుట్టూ కటకటాలు, తిన్నటి జారుడుబల్ల. చాలు. చేతులతో వేలాడుతూ పోయే నిచ్చెన తర్వాత తగిలించుకోవచ్చు, అలా తగిలించే వీలున్న చట్రమే కొను. నేను చూసినంతలో మంచె మీది హంగులన్నీ మొదటి నెల ముచ్చట. ఉయ్యాల దగ్గర మాత్రం పదేళ్ళొచ్చినా వంతుల కోసం కొట్టుకుంటారు. మీ అమ్మనే చూడు, అట్లతద్దికి చీకట్లోనే లేచి గోంగూర పచ్చడితో అన్నం తిని మామిడికొమ్మ ఉయ్యాల ఊగిన రోజులు ఇవాళ్టికీ చెబుతుంది. అలాగని టేకు పీట ఉయ్యాల పంపిస్తానన్న ఆవిడ మాట పట్టించుకోకు. బరువైన చెక్కపీట ఖాళీగా ఊగుతూ వచ్చి తగిలినా పసివాడి పళ్ళు రాలతాయి. ఉయ్యాల బల్ల వేసుకోవాలనుంటే పాటియోలో పెద్దవాళ్ళకి వేసుకుందాం, నేనూ కూర్చుంటాను.

సామాను దించాక కొక్కేలు చూడు. మూసుకున్న చోట పది సెంట్ల బిళ్ళ దూరకూడదు, దూరిందంటే గొలుసో బట్టో అందులో చిక్కుతుంది. కటకటాల మధ్యా నిచ్చెన మెట్ల మధ్యా సందు మూడున్నర అంగుళాల లోపైనా ఉండాలి, తొమ్మిది దాటైనా ఉండాలి. నడిమి కొలత చెడ్డది. కాళ్ళూ ఒళ్ళూ జారిపోయి తల ఇరుక్కుంటుంది.

జారుడుబల్ల ముఖం ఉత్తరానికి పెట్టండి. మీ జులై ఎండకి ఇనుమే కాదు, ప్లాస్టిక్ కూడా చర్మం కమిలేంత కాలుతుంది. పిల్లల్ని జారనిచ్చేముందు నీ అరచెయ్యి ఆనించి చూడు. రబ్బరు పొట్టు పరిస్తే దుమ్ముండదని ఎవరైనా అంటారు, ఆ ఎండలో దాని మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడమను.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, నాకోసం కూడా. చంటాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారొద్దు. ఎంతో భద్రమనుకుంటాం. వాడి బూటు అడుగు బల్ల అంచుకి పట్టుకుంటుంది, వెనక మన బరువంతా ఆగకుండా ముందుకి పోతుంది, పిల్లాడి మోకాలి కింది ఎముక మెలితిరిగి విరుగుతుంది. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే ఇలా జారొద్దని చెబుతోంది. వాడంతట వాడు ఎక్కగలిగిన ఎత్తునుంచి వాడంతట వాణ్ణి జారనివ్వు, పక్కన నిలబడు. నేను వచ్చినప్పుడు ముచ్చటపడి ఒళ్ళోకి తీసుకోబోతే నన్నూ ఆపు. ఆ సంఘమే ఇళ్ళలో ట్రాంపొలిన్ వద్దంటుంది. పెద్దది అడుగుతోందన్నావు. అడగనీ.

మెడ దగ్గర తాళ్ళున్న స్వెటర్లు, సైకిల్ హెల్మెట్, మెళ్ళో గొలుసు, ఇవేవీ మంచె ఎక్కేటప్పుడు ఒంటిమీద ఉండకూడదు. గుళ్ళోంచి రాగానే పట్టులంగా ఓణీతో ఉయ్యాల ఎక్కుతుంది నీ కూతురు, నాకు తెలుసు. ఫొటో ఒకటి తీసుకుని, బట్టలు మార్చి పంపు. దూలానికి స్కిప్పింగ్ తాడూ, బట్టలారేసే తాడూ కట్టనివ్వకు.

బిగించే రోజున అల్లుడుగారి స్నేహితులు ఇద్దరు ముగ్గురు వస్తే మంచిది. పెట్టెల్లో వచ్చే బోల్టులు లెక్క పెట్టేసరికే ఒక పూట గడిచిపోతుంది, నువ్వు ముందురోజే పిండి రుబ్బిపెట్టుకో. చివర్న మిగిలిన బోల్టుల్ని డబ్బాలో వేసి దాచెయ్యకండి. అవి ఎక్కడ పడాలో కాగితం చూసి తేల్చాకే పిల్లల్ని ఎక్కించండి.

ముందు మాత్రం ఒక పని చెయ్యి. టేపు తీసుకుని పాటియో అంచు నుంచి కంచెకీ, ఈ చివర కంచె నుంచి ఆ చివర కంచెకీ కొలిచి పంపు. చెట్టు ఎక్కడుందో, వాన నీళ్ళు ఏ మూలకి చేరతాయో కూడా రాయి. గీతలు గీసి నేను తిరిగి పంపేదాకా బయానా కట్టొద్దు. ఈ ఉత్తరం అల్లుడుగారికి చదివి వినిపించేటప్పుడు మల్చ్ సంచుల లెక్క దగ్గర కాస్త నెమ్మదిగా చదువు.

మీ నాన్న