లేసు అల్లిన చేతులు



వస్త్రాలంకారమును గూర్చి మన సంఘములలో ప్రసంగము జరిగినప్పుడెల్ల అది ధరించినవారి మీదికే పోవును. పేతురు వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయము చదువుదురు, తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయము చదువుదురు. స్త్రీలు కూర్చున్న వైపున కొంగులు సర్దుకొనుట కనబడును. పురుషులు ఆ వేళ నిశ్చింతగా నుందురు, ఇదియు గమనింపదగినదే. అయితే వస్త్రమునకు ఇద్దరు మనుష్యులు కావలెను గదా: కట్టుకొనువారొకరు, చేయువారొకరు. ఈ రెండవ మనిషిని గూర్చి దేవుని వాక్యము మనలను ఏమి అడుగుచున్నదో యోచింతము.

దృష్టాంతముగా ఒక పాత వస్త్రమును తీసికొందము. 1900 మొదలు 1914 వరకు, అనగా మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు, ఇంగ్లాండు, ఫ్రాన్సు, అమెరికా దేశములలో కలిగిన కుటుంబముల స్త్రీలు వేసవిలో తెల్లని గౌనులు ధరించెడివారు. గుడ్డ మల్లువలె సన్నని నూలు గుడ్డ. పగటి గౌనుకు మెడ గడ్డము క్రింది వరకు మూసియుండును. గుడ్డను పట్టీలుగా కత్తిరించి ఆ సందులలో లేసు చేర్చి కుట్టుదురు. మిగిలిన చోట సన్నని మడతలు, తెల్లని దారముతో కుట్టిన పువ్వులు. తెలుపు మీద తెలుపు గనుక దూరమునుండి చూచినవారికి అది నిరాడంబరముగనే తోచును. దగ్గరకు వచ్చి చూచిననే గాని అందులో ఎంత పని యున్నదో తెలియదు. అట్టి గౌనులు నేడు మ్యూజియములలోను, పాత వస్తువులు కూర్చుకొనువారి పెట్టెలలోను ఉన్నవి.

వాటిలో మిక్కిలి విలువగలవి కొన్ని ఐర్లండు దేశపు క్రోషే లేసుతో చేసినవి. ఒక స్త్రీ కొక్కెపు సూదితో గులాబీ పువ్వు అల్లును. రేకులు ఉబ్బుగా నిలుచుటకు లోపల లావు దారము పెట్టును. మరియొకతె ఆకు అల్లును, ఇంకొకతె ద్రాక్షగుత్తి. వీటినన్నిటిని తెచ్చి, నమూనా గీసిన గుడ్డ మీద తలక్రిందులుగా పేర్చి కుట్టి, నడుమనున్న ఖాళీని సన్నని వలవంటి అల్లికతో కలుపుదురు. పిమ్మట అడుగు గుడ్డను విడదీయగా లేసు మిగులును. తన ఆకు ఏ గౌనులో చేరెనో, ఆ గౌనును ఏ పట్టణములో ఎవరు తొడిగిరో ఆకు అల్లినదానికి తెలియదు. గౌను తొడిగినామెకు ఆకు అల్లినది తెలియదు. మధ్యనున్న వర్తకునికి మాత్రము ఇద్దరి లెక్కయు తెలియును.

ఈ పని ఆ పల్లెలకు ఎట్లు వచ్చెను? 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకెను. తరువాతి కొద్ది సంవత్సరములలో ఇంచుమించు పది లక్షల మంది ఆకలిచేతను రోగములచేతను చనిపోయిరి. 1847లో మోనహన్ జిల్లాలోని క్లోనిస్ అను ఊరిలో, అక్కడి ప్రొటెస్టెంటు సంఘ పాదిరిగారి భార్య కసాండ్రా హ్యాండ్ అను ఆమె పేద స్త్రీలకు ఈ అల్లిక నేర్పించుటకు ఏర్పాటు చేసెను. దక్షిణమున కార్కు ప్రాంతములో కతోలిక కన్యాస్త్రీలు అదే పని చేసిరి. ఒక సూది, ఒక దారపు ఉండ. పొలము అక్కరలేదు, మగ్గము అక్కరలేదు. ఆ అల్లికవలన అనేక గృహములలో పొయ్యి వెలిగెను. ఇది దయాకార్యము కాదనుట అన్యాయము.

కరవు పోయెను. దయ అను మాట మాత్రము నిలిచిపోయెను. అరువది సంవత్సరముల తరువాత ఆ లేసు ధనవంతుల గౌనుల మీద వెలుగుచున్నప్పుడును, బీదలకు సహాయముగా కొనుడి అనియే అమ్మెడివారు. ఉపకారముగా మొదలైన పనికి కూలి ఎంత అని అడిగిన స్త్రీ కృతజ్ఞత లేనిదిగా ఎంచబడును. నా అభిప్రాయములో చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీలు మన గోదావరి డెల్టాలో నరసాపురము ప్రాంతమునకు ఇట్టి అల్లికనే తెచ్చిరి. మాల, మాదిగ పల్లెలనుండి సంఘములో చేరిన స్త్రీలు మొదట దానిని నేర్చుకొనిరి. వర్తకులు ప్రవేశించిన పిమ్మట, బయటికి వచ్చి కూలి చేయుట పరువు తక్కువ అని యెంచు కాపు కుటుంబముల స్త్రీలకు కూడ అది వ్యాపించెను. 1970ల చివర జర్మనీ దేశస్థురాలు మరియా మీస్ ఆ గ్రామములలో తిరిగి విచారించి, 1982లో ఒక పుస్తకము ప్రచురించెను. వంట, నీళ్లు, పిల్లల పని గాక దినమునకు ఆరేసి యెనిమిదేసి గంటలు అల్లుచున్న ఆ స్త్రీలకు పొలములో కూలికి పోవు స్త్రీకి వచ్చునంతయు వచ్చుట లేదని ఆమె కనుగొనెను. దానికి అందరు చెప్పు కారణమొక్కటే: అది తీరిక వేళ పని. అక్కడ దయ యన్నారు, ఇక్కడ తీరిక యన్నారు. ఎండలో చేయలేదు గనుక కూలి కాదు, అరుగు మీద కూర్చుండి చేసినది గనుక పని కాదు!

“ఏమియు లేనిదానికంటె కొంచెమైనను మేలు కాదా?” అని కొందరు అడుగుదురు. ఆకలితోనున్న స్త్రీ ఆ మాట అనిన సత్యమే. కొనువాడు అనిన అది వేరు మాట యగును. అయితే వెల పెంచిన కొనువాడు యంత్రపు లేసునకు పోవును, అప్పుడు ఆ కొంచెము కూడ పోవును అను చిక్కు నిజముగా కలదు. 1880ల తరువాత స్విట్జర్లాండు, జర్మనీ యంత్రములు ఐర్లండు లేసును అనుకరింప మొదలుపెట్టెను. ఈ చిక్కును ఒక ప్రసంగముతో విప్పలేము. గాని కూలిని కూలి అని పిలుచుటకు ఏ యంత్రము అడ్డము వచ్చును? ఎన్ని గంటలు పట్టినదని అడుగుటకు ఎవరు అడ్డము?

లేఖనములలో అందము నిషేధింపబడలేదు. నిర్గమకాండము 28లో అహరోను వస్త్రములు ఘనతకును అందమునకును చేయవలెనని దేవుడే చెప్పెను. స్త్రీల సొగసును ఖండించుటకు బోధకులు యెషయా 3వ అధ్యాయమును తీయుదురు. 18వ వచనమునుండి అక్కడ నగల పట్టీ, వస్త్రముల పట్టీ పొడుగుగా నున్నది. దానికి ముందున్న 14, 15 వచనములను కూడ చదువుడి. ప్రవక్త మొదట పెద్దలను నిలువదీయుచున్నాడు. బీదలయొద్ద దోచినది మీ యిండ్లలోనే యున్నదని వారితో వాదించుచున్నాడు. ఆ మీదటనే సీయోను కుమార్తెల సొగసు ప్రస్తావన. ఈ వరుసను మనము తలక్రిందులు చేసి, రెండవ భాగము చదివి మొదటి భాగము మూసివేయుచున్నాము. పొలము కోసినవారి బిగబట్టిన కూలి మొఱపెట్టుచున్నదని యాకోబు 5వ అధ్యాయములో వ్రాసెను. లేసు అల్లిన కూలికి మాత్రము గొంతు లేదనుకొందమా?

2024లో నరసాపురము లేసు అల్లికలకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఊరి పేరును ఇక ఇతరులు వాడుకొనజాలరు, సంతోషమే. అల్లినదాని పేరు వ్రాయుటకు ఆ చీటీలో చోటున్నదా?

నిర్గమకాండము 35లో గుడారము నిమిత్తము నూలు వడికిన స్త్రీల పేర్లును మనకు తెలియవు. బెసలేలు, అహోలీయాబుల పేర్లు తెలియును. యొప్పేలో మాత్రము సంగతి వేరుగా జరిగెను. దొర్కా చనిపోగా, పేతురు మేడగదిలోనికి వచ్చినప్పుడు, విధవరాండ్రు ఆ అంగీలను, వస్త్రములను అతనికి చూపిరి. వాటిని ఎవరు కుట్టిరో తొడిగినవారందరికి తెలియును. ఏడ్చుచు ఆమె పేరే చెప్పిరి.