ఎంత శబ్దం మన వాటా?

1950లలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తయారైన ఫెండర్ ఆంప్లిఫయర్ల వెనక పలక విప్పితే చాలావాటిలో ఓ మాస్కింగ్ టేపు ముక్క కనిపిస్తుంది. దానిమీద చేత్తో రాసిన ఒక ఆడపేరు. లిల్లీ, లూపే... లోపలి తీగలన్నీ సోల్డరింగ్ చేసిన స్త్రీల పేర్లవి. పెట్టె ముందువైపు మాత్రం లియో ఫెండర్ ఇంటిపేరు మెరుస్తూ ఉంటుంది. ఆయనకి గిటార్ వాయించడం రాదు! శబ్దాన్ని పెంచే యంత్రాన్ని చేసిన చేతుల ఆనవాలు, మరమ్మతు చేసేవాడు తప్ప ఎవరూ చూడని చోట ఉండిపోయింది.

కొత్త ఆంప్ కొనాలనుకున్నప్పటినుంచి నన్ను తొలిచిన ప్రశ్న ఒకటుంది. ఎంత గట్టిగా వినిపించే హక్కు నాకుంది?

స్త్రీవాదులుగా మనకి ఒక జవాబు సిద్ధంగా ఉంది. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మొద్దన్న సామెతలో పెరిగినవాళ్ళం. మన కవిత్వం కాస్త గొంతు పెంచితే 'నినాదం' అనిపించుకున్నవాళ్ళం. కాబట్టి శబ్దమే విముక్తి. 1942 డిసెంబరు 31 రాత్రి షికాగోలో ఒక క్లబ్బులో ఐస్‌బాక్స్ మీదెక్కి కూర్చుని ఎలక్ట్రిక్ గిటార్ వాయించిన మెంఫిస్ మిన్నీ గురించి, లాంగ్‌స్టన్ హ్యూస్ 'షికాగో డిఫెండర్'లో ఓ కాలమ్ రాశాడు. ఆ శబ్దాన్ని ఆయన కర్మాగారాల రొదతో పోల్చాడు. ఫిర్యాదుగా కాదు. పీహెచ్‌డీ రోజుల్లో అది చదివి ఎంత పొంగిపోయానో!

దుకాణంలో అనుభవం కూడా ఈ జవాబునే బలపరిచింది. "బాబుకా మేడమ్?" అన్నాడు అమ్మే అబ్బాయి. "నాకే" అన్నాను. అయినా గిటార్ తనే తీసుకుని, వాల్యూమ్ పెంచి, వేగంగా ఏదో వాయించి "విన్నారా?" అన్నాడు. నేను విన్నది అతని వేళ్ళని. ఆంప్‌ని వినాలంటే నా చేత్తో, నాకొచ్చిన నాలుగు స్వరాలే వాయించాలి కదా. నా గిటార్ సంచిలోంచి తీశాక కూడా అతను కుర్చీ ఇవ్వడానికి కొంత సమయం పట్టింది.

రెండింటి మధ్య తేల్చుకోవాల్సి వచ్చింది. ఒకటి పదిహేను వాట్ల ట్యూబ్ ఆంప్. రెండోది ట్యూబులు లేని బాస్ కటానా 50. దాన్ని అర వాటుకి తగ్గించుకోవచ్చు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు. ఈ వాట్ల లెక్క తమాషాగా ఉంటుంది. శక్తి పదింతలైతే మన చెవికి శబ్దం సుమారు రెండింతలే అనిపిస్తుంది. అంటే ఐదు వాట్ల చిన్న ట్యూబ్ పెట్టె కూడా పడగ్గదికి ఎక్కువే.

ట్యూబ్ ఆంప్‌లో వాల్యూమ్ రెండు దగ్గర ఉంటే స్వరం పలచగా, మర్యాదగా ఉంది. ఏడుకి తిప్పాను. ట్యూబు తన హద్దుకి చేరినప్పుడు ధ్వనితరంగం పైఅంచులు నెమ్మదిగా అణిగి, మూలంలో లేని కొత్త స్వరాంశాలు పుడతాయి. ఇంజనీర్లు మొదట్లో దాన్ని లోపమనే అనుకున్నారు, తొలగించాలని చూశారు. వాయించేవాళ్ళు మాత్రం దాన్నే కోరుకున్నారు. ఆ గరుకుదనం నా తీగమీద పలికినప్పుడు వెన్ను జలదరించింది. కటానా దాన్ని తక్కువ శబ్దంలో బాగానే అనుకరిస్తుంది. కానీ ఛాతీకి తగలదు.

ఇక్కడే సిద్ధంగా ఉన్న జవాబు నాకు చాలకుండా పోయింది. మా గోడకి అవతల ఒక నర్సు ఉంటుంది. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. ఆమెకి రాత్రి అంటే పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం నాలుగు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళన్నాయి. రాత్రంటే పది నుంచి ఆరు. పగలు పనిచేసి రాత్రి పడుకునే మనిషినే చట్టం ఊహించుకుంది. మిగతా ఊరంతా పడుకున్నప్పుడు మేలుకుని సెలైన్లు మార్చే స్త్రీ నిద్రకి అందులో చోటు లేదు. నా విముక్తి మధ్యాహ్నం రెండింటికి ఏడు నంబరు మీద మోగితే, దాని ఖర్చు ఎవరు కడుతున్నట్టు? పండక్కి మైకులు పెట్టేవాళ్ళు నన్నెప్పుడైనా అడిగారా అని వాదించొచ్చు. వాళ్ళు అడగకపోవడం వాళ్ళతో నాకున్న తగాదా. దాన్ని ఆమెమీద తీర్చుకోలేను.

అలాగని హెడ్‌ఫోన్సేనా? అదీ మింగుడుపడలేదు. గది తలుపేసుకుని, దీపం తగ్గించి, ఎవరికీ తెలియకుండా రాసుకున్న ఆడవాళ్ళ చరిత్ర మనకి కొత్తేం కాదు. పైగా హెడ్‌ఫోన్స్ ఉంటే నాకు పక్కింటామెతో మాట్లాడే అవసరమే ఉండదు. ఇద్దరి మధ్యా జరగాల్సిన సంభాషణని అవి అక్కర్లేకుండా చేస్తాయి. దాన్ని సౌకర్యమంటారు. నాకది నష్టంలా తోచింది.

అనుమతికీ ఒప్పందానికీ తేడా ఉంది. తండ్రినీ భర్తనీ అత్తగారినీ మనం అడుగుతూ వచ్చింది అనుమతి. ఇచ్చేవాళ్ళకి అందులో పోయేదేం లేదు, అడిగేవాళ్ళకే అంతా పోతుంది. ఒప్పందంలో ఇద్దరికీ ఏదో ఒకటి పోతుంది. ఎవరైనా "వద్దు" అనగలగాలి, ఆ "వద్దు" నిలవాలి. కొనకముందే వెళ్ళి ఆమె తలుపు తట్టాను. వద్దంటే కటానాయే కొనేదాన్ని.

"మీరు నిజం డాక్టరు కాదుగా, నైట్ డ్యూటీ సంగతి మీకేం తెలుసు" అని నవ్వింది. తర్వాత అంది: "మెల్లగా వాయించమని అనను డాక్టరు గారూ. ఎప్పుడు వాయిస్తారో చెప్పండి. నేనెప్పుడు పడుకుంటానో చెప్తాను." మరి ఆమెకేం కావాలని అడిగితే, మా ఇంట్లో పొద్దున పదింటికి మోగే మిక్సీ గురించి చెప్పింది. రెండేళ్ళుగా వింటోందట. గిటార్ గురించి ఇంత తాత్వికంగా మథనపడ్డ ఇంట్లో పచ్చడి గురించి ఎవరూ ఆలోచించలేదు!

ట్యూబ్ ఆంపే కొన్నాను. ప్రతినెలా మొదట్లో ఆమె తన డ్యూటీ చార్టు నా ఫోనుకి పంపిస్తుంది. ఈ నెల మంగళ, శుక్రవారాలు సాయంత్రం ఐదునుంచి ఏడువరకూ నావి. పచ్చడి రాత్రే రుబ్బి పెట్టుకుంటున్నాం.