పాలలో కల్తీ, పేరులో కల్తీ

పాలలో నీరు కలుపుట దోషమని అందరును అంగీకరింతురు. వనస్పతిని నేయి యని అమ్ముట అంతటి దోషమా యని అడిగినచో పలువురు తడబడుదురు. వనస్పతి విషము కాదు. తన పేరుతో అమ్ముడైనచో అది న్యాయమైన సరకే. తిన్నవాడు జబ్బుపడనప్పుడు అపరాధ మెక్కడ నున్నది?

చట్టము దీనికి కొంతవరకు సమాధానము చెప్పినది. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టము స్థానమున, 2006లో చేయబడిన ఆహార భద్రత, ప్రమాణముల చట్టము 2011 ఆగస్టు 5 నుండి అమలులోనికి వచ్చినది. హానికరమైన ఆహారమునకు చెరసాల శిక్షయు, ప్రమాణమునకు తగ్గినదానికి 5 లక్షల రూపాయల వరకు, తప్పుడు పేరు గలదానికి 3 లక్షల వరకు జరిమానాయు అందు విధింపబడినవి. అధికారి నమూనాను నాలుగు భాగములు చేయును. ఒకటి విశ్లేషకునికి పోవును. 14 దినములలో నివేదిక రావలెను. పునఃపరీక్షకై భాగములు భద్రపరుచుట వలన అమ్మువానికిని న్యాయము దక్కును.

2018లో 1,103 పట్టణములలో 6,432 పాల నమూనాలను పరీక్షింపగా, ప్రమాదకరమైన కల్తీ 12 నమూనాలలోనే కనబడినది. వానిలో 9 తెలంగాణమువి. అయినను నూటికి సుమారు 41 నమూనాలు ఏదో యొక ప్రమాణమునకు సరిపడలేదు. మేత చాలకున్నను పాలలో వెన్న తగ్గును గనుక అదియంతయు మోసమనరాదు. విషము కలుపువారు కొద్దిమందియే యని మాత్రము దీనివలన తెలియుచున్నది.

నీరు కలిసినచో లాక్టోమీటరు పట్టును. దానిని ఏమార్చుటకు చక్కెరయో, యూరియాయో కలుపువారు గలరు. వెన్నశాతమును, ఇతర ఘనపదార్థములను కొలిచి వెల కట్టుచోట నీరు కలిపినందున లాభములేదు. ఇట్టి పద్ధతి మోసమును నిష్ప్రయోజనము చేయగలదు. మోసగింపవలెనను కోరికను తీసివేయజాలదు.

బిడ్డకు పాలు కాచు తల్లివద్ద ప్రయోగశాల లేదు. అమ్మువాడు చెప్పిన పేరే ఆమెకు గల ఏకైక సాక్ష్యము. ఆ పేరు అబద్ధమైనచో ఆమె ధనముతోపాటు నమ్మకమును గూడ పోగొట్టుకొనును. అటుపిమ్మట నిజాయితీపరుని పాలను సైతము ఆమె శంకించును. కావున చట్టము చిన్నదిగా లెక్కించిన దోషము ధర్మదృష్టికి చిన్నది కాదు.

అందరును చేయుచున్నారు, కొనువారు చౌకదనమే కోరుచున్నారు అని వర్తకు డనును. ఇందు కొంత నిజము కలదు. వెన్న వెలకన్న తక్కువకు నేయి కోరు గృహస్థు ఆ మోసమున భాగస్వామియే. కాని పరుల దోషము తన దోషమును కడుగజాలదు. నాటి అవసరమునకు మించి భర్త తెచ్చిన బియ్యమును ఆయ్దక్కి లక్కమ్మ తిరిగి పంపినదని శరణుల చరిత్రము చెప్పుచున్నది. ఆమెను కనిపెట్టిన తనిఖీదారు ఎవడును లేడు. కాయకము శుద్ధము కానిచో దానినుండి చేసిన దాసోహమును శుద్ధము కాజాలదు. అధికారి రాని దినమునను కొలపాత్ర నిండుగా నుండుటయే కాయకశుద్ధి.