ఆచారభారము ఎవరిది?

కొన్ని ప్రశ్నలు అడుగబడు తీరులోనే అన్యాయము ఇమిడియుండును. ఉద్యోగమును, సంసారమును, పూర్వాచారమును స్త్రీ యొక్కతెయే సరితూచి నడుపగలదా యనునది అట్టి ప్రశ్న. పురుషుని నెవ్వరును ఇట్లడుగరు. ఆతడు కచేరికి పోయినచో సంసారమును విడిచెననిగాని, క్రొత్త వేషము ధరించినచో పూర్వులను మరచెననిగాని యెవరును నిందింపరు. ఈ ప్రశ్నను మేము మన యిండ్లలో గాక, మిక్కిలి దూరమున నున్న యొక జాతియందుంచి విచారింపదలచితిమి. దూరపు సంగతిని విచారించునపుడు మన రాగద్వేషములు కొంత యడగియుండును గదా.

ఉత్తర అమెరికా ఖండపు వాయవ్యపు కొనయందు అలాస్కా రాష్ట్రము కలదు. అందు యూకాన్, కస్కోక్విమ్ అను రెండు మహానదులు బేరింగు సముద్రమున కలియు పల్లపు నేలలలో యూపిక్ జాతివారు నివసించుచున్నారు. యూపిక్ అనగా వారి భాషలో నిజమైన మనిషి యని యర్థము. ఆ సీమకు ముఖ్యస్థానమైన బెతెల్ పట్టణమునకు బయటినుండి వచ్చు రహదారి లేదు. విమానములును, వేసవిలో పడవలును వారి వాహనములు. శీతకాలమున గడ్డకట్టిన నదియే వారికి బాట.

పూర్వము ఆ గ్రామములలో పురుషులకు ఉమ్మడిగా నొక పెద్దశాలయు, స్త్రీలకును పిల్లలకును వేరుగా మట్టియిండ్లును ఉండెడివి. దీనిని బట్టి స్త్రీ యింటిమూలకు పరిమితురాలై యుండెనని తలచుట తగదు. పురుషుడు సీలువేటకై సముద్రముమీదికి పోవలెనన్నచో, సీలు ప్రేగులతో నీరు చొరకుండ కుట్టిన అంగీ కావలెను. ఆతని పడవకు కప్పిన తోలు గట్టిగా కుట్టబడియుండవలెను. ఒక్క కుట్టు వదలినచో వేటగాని ప్రాణమునకే మోసము. ఆ కుట్టు కుట్టినది స్త్రీ. ఆమె చేసిన పని సంసారమా, ఉద్యోగమా, ఆచారమా యని యడిగినచో నామెకు ప్రశ్నయే బోధపడియుండదు. నాడు ఆ మూడును నొక్కటియే.

మరి వీనిని విడదీసినదెవరు? ఆ జాతి స్త్రీ కాదు. జీతపు కొలువును, దూరపు బడియును విడదీసినవి. గ్రామములలో ఉన్నత పాఠశాలలు లేకపోవుటచే పదునాలుగేండ్ల బాలబాలికలు ఇల్లు విడిచి, వందల మైళ్లు దాటి, కొందరు ఆరెగాన్ రాష్ట్రమువరకును వసతిపాఠశాలలకు పోవలసివచ్చెను. చదువుకొన్నచో తల్లికి దూరము. తల్లికడ నున్నచో చదువునకు దూరము. ఎమ్మోనక్ గ్రామపు బాలిక మాలీ హూచ్ మొదలగువారి పక్షమున 1972లో వ్యాజ్యము వేయబడెను. 1976లో రాజీ కుదిరి, కోరినయెడల 126 గ్రామములలో ఉన్నత పాఠశాలలు నెలకొల్పుటకు ప్రభుత్వ మంగీకరించెను. చదువు కావలెనా, తల్లి కావలెనా యని నిర్ణయించుకొమ్మని ఆ బాలికలను నిర్బంధింపక, పాఠశాలయే వారి గ్రామమునకు రావలెనని ఆ వ్యాజ్యము కోరెను. మేము చెప్పబోవు మాటకు ఇదియే మూలము.

నేటి స్థితిని చూతము. అలాస్కా గ్రామములలో ఆరోగ్యసహాయకుల యేర్పాటు కలదు. 1968 నుండి దీనిని ప్రభుత్వ ధనము పోషించుచున్నది. వైద్యుడు దూరమున నుండును. సహాయకురాలు గ్రామమున నుండి టెలిఫోనులో ఆతని సలహా గైకొని చికిత్స చేయును. ఈ పని చేయువారిలో స్త్రీలే యెక్కువ. అర్ధరాత్రమున తలుపు తట్టినను ఆమె లేవవలెను. ఇట్లుండగా జూన్ మాసమున పెద్దజాతి సాల్మను చేపలు నదిలోని కెక్కివచ్చును. వానలు ముదురకముందే వానిని కోసి, ఆరగట్టి, పొగపట్టవలెను. అర్ధచంద్రాకారపు కత్తితో కోయు ఆ కోత, తల్లిప్రక్కన నిలిచి చేసినగాని కూతునకు పట్టుబడదు. చేప ఆదివారము వచ్చువరకు ఆగదు. రోగి చేపలకాలము ముగియువరకు ఆగడు. ఆమె యేమి చేయవలెను?

ఇచట రెండు పూర్వపక్షములు బయలుదేరును. స్త్రీ కొలువు మాని పూర్వపు పనికి మరలవలెనని కొందరందురు. వీరు నేటి వేట యెట్లు సాగుచున్నదో యెరుగరు. పడవకు మోటారు కావలెను, మోటారునకు పెట్రోలు కావలెను. వలలు, తూటాలు కొనవలెను. అక్కయో, భార్యయో తెచ్చిన జీతము లేనిచో తమ్ముని పడవ యొడ్డుననే యుండును. ఆమె జీతము ఆచారమునకు శత్రువు కాదు. ఆచారము నేడు దానిమీదనే నడుచుచున్నది.

ఆచారమునే వదలి సుఖముగా నుండరాదా యని మరికొందరందురు. వీరు ఆచారమనిన తిండియు వేషమునని తలచుచున్నారు. యూపిక్ గ్రామమున పిల్లవాడు మొదటి సీలును పట్టినప్పుడు తల్లి యా మాంసమును, నూనెను, మరికొన్ని వస్తువులను ఇతర కుటుంబముల స్త్రీలకు పంచిపెట్టును. మరణించినవారి పేరు అప్పుడే పుట్టిన శిశువునకు పెట్టుదురు. తాతపేరు మనుమనికి పెట్టు మన చదువరులకిది వింతగా తోపదు. అయితే వారు పేరుతో తృప్తిపడక, వరుసను గూడ నిలుపుదురు. సహాయకురాలు టీకా వేయు శిశువు ఆమె మేనత్త పేరు మోసినదైనచో, ఆ శిశువు ఆమెకు మేనత్తయే. ఇట్టి బంధములను వదలుమనుట మనుష్యులను వదలుమనుట యగును.

కావున సరితూచుట స్త్రీ పని యనుట సిద్ధాంతము కానేరదు. కచేరి మారవలెను: అచటి కొన్ని సంస్థలు చేపల వేళకును వేటకాలమునకును ప్రత్యేకముగా సెలవులిచ్చుచున్నవి. పాఠశాల మారవలెను: ఒకప్పుడు యూపిక్ మాట పలికిన పిల్లలు బడులలో దండింపబడిరి, 1995 నుండి బెతెల్ పట్టణమున యూపిక్ భాషలోనే చదువు చెప్పు విద్యాలయము నడుచుచున్నది. పురుషుడును మారవలెను. భార్య రోగికడ నున్న రాత్రి బిడ్డను నిద్రపుచ్చుటచే నాతని వేటగానితనమునకు కొరత రాదు.

కస్కోక్విమ్ తీరమున పెరిగిన యూపిక్ వనిత మేరీ పెల్టోలా 2022లో అమెరికా ప్రతినిధిసభకు ఎన్నికయ్యెను. అలాస్కా ఆదిమజాతులనుండి ఆ సభ కెక్కినవారిలో నామెయే ప్రథమురాలు. చేపలు, కుటుంబము, స్వేచ్ఛ యనునవి యామె యెన్నికల నినాదములు. 2024లో నామె యోడిపోయెను గాని, ఆ మూడు మాటలు పరస్పర విరుద్ధములు కావని దేశమంతటికిని తెలిసెను. ఐనను అసాధారణురాలి విజయమును చూపి, సామాన్యురాలితో నీవేల చేయలేవని యనుట క్రూరత్వము.

ఇంతకంటె పెద్ద యాపద యొకటి వచ్చియున్నది. నదులలో చేపయే తరిగిపోవుచున్నది. యూకాన్ నదిలో పెద్దజాతి సాల్మనును ఏడేండ్లపాటు పట్టరాదని 2024లో అలాస్కా, కెనడా ప్రభుత్వములు ఒడంబడినవి. ఆ ఒడంబడికనాటికి ఏడేండ్లున్న బాలిక ఆ గడువు తీరునప్పటికి పదునాలుగేండ్లది యగును. తల్లికి సెలవు దొరకినను, ఆ చేపను కోయుట నేర్పుటకు ఆ నదిలో చేప యుండదు. ఆచారము నిలుచుటకు స్త్రీ యోర్పు ఒక్కటియే చాలదని యింతకంటె స్పష్టముగా తెలుపు నిదర్శనము మాకు కానరాలేదు. నదిని కాపాడుట ప్రభుత్వముల పని, సెలవిచ్చుట కచేరి పని, బిడ్డ నెత్తుకొనుట భర్త పని. ఇవి జరిగినపిమ్మట మిగులు భాగమును ఆమె సంతోషముగనే మోయును. మన యిండ్లలో పరీక్షలు నెగ్గి కొలువున చేరిన కోడలిని నీవెట్లు నెగ్గుకొని వత్తువని యడుగు పెద్దలు, ఆ ప్రశ్నను ముందుగా తమ కొడుకు నడిగి చూతురుగాక.